‘27’ అని రాసి ఉన్న గేర్‌బాక్స్: ఆరు నెలల వాడకం తరువాత

కాజీపేటలో నాకు చిన్న వర్క్‌షాప్ ఉంది. ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మిషను, ఒక వెల్డింగ్ సెట్టు, కిటికీ పక్కన ఎలక్ట్రానిక్స్ పనికి ఒక బల్ల, అంతే. పోయిన వానాకాలంలో పెంబర్తి నుంచి ఇత్తడి పని చేసే ఒకాయన 300 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి రేకును గుడ్డలో చుట్టుకొని తెచ్చారు. దాని అంచు చుట్టూ 27 నక్షత్రాలకు 27 గడులు, ఒక్కో గడిలో నాలుగు పాదాల చొప్పున మొత్తం 108 గీతలు సమానంగా పడాలి, చెక్కే పని తాను చూసుకుంటాడు, గీతలు మాత్రం మిషను గీయాలి అన్నది ఆయన కోరిక. ఆ పని కోసం కొన్న గేర్‌బాక్స్ ఉన్న స్టెప్పర్ మోటారు (ఒక్కో అడుగు లెక్కన తిరిగి ఆగే మోటారు) గురించి, ఆరు నెలలు వాడిన తరువాత, ఈ సమీక్ష రాస్తున్నాను.

వృత్తాన్ని భాగించడం పెంబర్తి వారికి కొత్త విద్య కాదు. వ్యాసార్ధాన్ని కంపాసులో పట్టుకొని అంచు వెంట నడిపిస్తే ఆరు రేకుల పువ్వు పడుతుంది, వాటిని సగం చేస్తూ పోతే 12, 24 వస్తాయి, నిలువు గీత, అడ్డగీతలతో మొదలుపెడితే 8, 16 వస్తాయి. 27 మాత్రం ఆ దారిలో రాదు. కొలతలు లేని స్కేలు, కంపాసు మాత్రమే వాడి వృత్తాన్ని 9 సమభాగాలు చేయడం అసాధ్యమని ఫ్రెంచి గణితవేత్త పియర్ వాంట్‌జెల్ 1837లోనే నిరూపించాడు, 9 రానప్పుడు 27 ఎలాగూ రాదు. కాబట్టి పనివారు కంపాసును అంచనాగా తెరిచి, చుట్టూ నడిపించి, తేడా వస్తే కొంచెం మూసి మళ్ళీ నడిపిస్తారు. “అందాజగ నడుపుకుంట పోతె ఆఖరుకు ఒక గడి ఇరుకైతాందన్నా, కొనేటోల్ల కన్ను సక్కగ ఆడికే పోతది” అన్నాడాయన.

ఐటీఐలో ఫిట్టరు ట్రేడు చదివినవారెవరైనా దీనికి డివైడింగ్ హెడ్ ఉంది కదా అంటారు, అది న్యాయమైన మాటే. హ్యాండిల్ 40 చుట్లు తిప్పితే పని ఒక చుట్టు తిరిగే ఆ పాత సాధనంలో, 27 రంధ్రాల వరుస ఉన్న ప్లేటు పెట్టుకొని ఒక్కో గీతకు 10 రంధ్రాలు జరిపితే 108 భాగాలు ఏ లెక్కా మిగలకుండా వస్తాయి. కానీ ఆ హెడ్డు బరువుకు, ధరకు పెంబర్తిలోని చిన్న షెడ్డులో చోటు లేదు. పైగా 108 సార్లు రంధ్రాలు లెక్కపెట్టే చోట 73వ సారి ఎవరో పలకరిస్తే రేకు మొత్తం పాడవుతుంది. ఒక మీట నొక్కితే ఒక గీత దూరం తిరిగి ఆగే బల్ల ఆయనకు కావాలి.

నేను కొన్నది నెమా 17 సైజు మోటారు. ముందు ముఖం 42 మిల్లీమీటర్ల చదరం, ఒక స్టెప్పుకు 1.8 డిగ్రీలు, అంటే చుట్టుకు 200 స్టెప్పులు. దానికి ముందు రెండు అంచెల ప్లానెటరీ గేర్‌బాక్స్ (మధ్య గేరు చుట్టూ చిన్న గేర్లు తిరుగుతూ వేగం తగ్గించేది) బిగించి ఉంది, బయటికి వచ్చే షాఫ్ట్ 8 మిల్లీమీటర్లది, ఒక పక్క చదును చేసినది. ఇవే కొలతలతో చాలా సంస్థలు ఇలాంటి మోటార్లు అమ్ముతున్నాయి కనుక, ఇక్కడ నేను రాసేదానిలో చాలా భాగం ఆ కోవకు చెందిన వాటన్నింటికీ వర్తిస్తుంది. మోటారుకు, దానికి కరెంటు అందించి స్టెప్పులు వేయించే టీబీ6600 డ్రైవరుకు, 24 వోల్టుల పవర్ సప్లైకి కలిపి నాకు ఆరు వేల రూపాయలకు కొంచెం తక్కువ పడింది.

విప్పి చూస్తే కట్టుదిట్టంగానే ఉంది. నాలుగు తీగలు వచ్చాయి గాని ఏ రెండు ఒక కాయిల్‌వో చెప్పే కాగితం రాలేదు. మామూలు స్టెప్పర్ మోటారైతే రెండు తీగల కొసలు కలిపి పట్టుకొని షాఫ్ట్‌ను వేళ్ళతో తిప్పి చూస్తాం, గట్టిగా తగిలితే ఆ రెండూ జంట. గేర్‌బాక్స్ ఉన్నదానికి ఈ చిట్కా వాడకూడదు, ఎందుకంటే బయటి షాఫ్ట్ పట్టుకొని లోపలి మోటారును వెనక్కి తిప్పడమంటే ఆ బలమంతా సన్నని గేరు పళ్ళ మీద పెట్టడమే. మల్టీమీటరు పెడితే జంట తీగల మధ్య రెండు ఓములకు లోపు చూపిస్తుంది, జంట కానివాటి మధ్య ఏమీ చూపించదు, పని రెండు నిమిషాల్లో అయిపోతుంది.

బల్లను నేరుగా ఈ షాఫ్ట్ మీద కూర్చోబెట్టడం మరో తప్పు, నేను దాన్ని ముందే తప్పించుకున్నాను. రేకు, దాని కింది చెక్క, పైనుంచి గీసే చేతి ఒత్తిడి, ఈ బరువంతా విడిగా బిగించిన బేరింగు మోయాలి, షాఫ్ట్ తిప్పే పని ఒక్కటే చేయాలి. మధ్యలో రెండింటినీ కలిపే కప్లింగ్ వేసి, దాని గ్రబ్ స్క్రూను (తల లేని మరను) షాఫ్ట్ చదును మీదికే వచ్చేలా బిగించాను. గుండ్రటి వైపు బిగిస్తే ఎంత బిగించినా నెమ్మదిగా జారుతుంది, ఆ జారుడు మోటారు తప్పులా కనిపిస్తుంది.

ఇక అసలు కథ. గేర్‌బాక్స్ మీద అతికించిన లేబులు మీద ‘27:1’ అని ఉంది. 27 నక్షత్రాల పనికి 27 నిష్పత్తి దొరికిందని, నిజం చెప్పాలంటే, నేను శుభశకునంగానే తీసుకున్నాను. లోపలి మోటారు ఒక పూర్తి చుట్టు తిరిగితే బల్ల సరిగ్గా ఒక నక్షత్రం జరుగుతుంది, గీతకు 200 స్టెప్పులు, లెక్క ఇంతకంటే శుభ్రంగా ఉండదు. పాడైపోయిన ఒక అల్యూమినియం పళ్ళెం మీద అశ్విని నుంచి మొదలుపెట్టి గీతలు గీశాను. చూడటానికి అన్నీ సమానంగా ఉన్నాయి. 26 సార్లు జరిపి 27వ గీత గీసిన తరువాత, మిగిలిన రేవతి గడిని డివైడరుతో కొలిస్తే మిగతా గడులు అంచు దగ్గర 35 మిల్లీమీటర్లు ఉండగా అది 30 మిల్లీమీటర్లే ఉంది. ఇంకొకసారి జరిపి చూస్తే సూది మొదటి గీతను దాటి 5 మిల్లీమీటర్లు ముందుకు పోయి నిలబడింది. చేత్తో కంపాసు నడిపినప్పుడు ఏ గడి ఇరుకవుతోందని ఆయన నా దగ్గరికి వచ్చాడో, ఆరు వేల రూపాయల సామగ్రితో అదే గడి మళ్ళీ ఇరుకైంది.

మొదట స్టెప్పులు తప్పుతున్నాయేమో అనుకున్నాను. కానీ స్టెప్పులు తప్పితే బల్ల వెనకబడాలి, ఇది ముందుకు పోతోంది. పైగా మళ్ళీ మళ్ళీ తిప్పినా తేడా అంతే వస్తోంది. ప్రతిసారీ ఒకేలా వచ్చే తప్పు లెక్కలో ఉంటుంది గాని యంత్రంలో ఉండదు. ఈ కోవకు చెందిన గేర్‌బాక్సుల్లో ఒక్కో అంచె నిష్పత్తి 57 బై 11, అంటే సుమారు 5.18. రెండు అంచెలు కలిస్తే 3249 బై 121, అంటే 26.85. దాన్నే దగ్గరి పూర్ణసంఖ్యకు సర్ది 27 అని లేబులు వేస్తారు. కనుక బల్ల ఒక చుట్టు తిరగడానికి కావలసినవి 5,400 స్టెప్పులు కావు, 5,370 చిల్లర. నేను ఎక్కువగా వేయించిన ముప్పై స్టెప్పులు దాదాపు 2 డిగ్రీలు, 150 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దగ్గర అది 5 మిల్లీమీటర్ల పైచిలుకు. డివైడరు చూపించింది సరిగ్గా అదే.

ఇలాంటి తికమక చవక మోటార్లలోనూ ఉంది. ఏసీల్లో గాలి రెక్కలను ఆడించే కోవకు చెందిన చిన్న 5 వోల్టుల 28బీవైజే-48 మోటారును పాలిటెక్నిక్ పిల్లలందరూ ఎరుగుదురు. దాన్ని నడిపే యూఎల్‌ఎన్2003 బోర్డుతో సహా రెండు వందల రూపాయల లోపు దొరుకుతుంది. దాని కాగితం మీద నిష్పత్తి 64 అని ఉంటుంది, కానీ సాధారణంగా దొరికే మోటారు విప్పి పళ్ళు లెక్కపెట్టినవారికి వచ్చేది 63.684. చుట్టుకు 2,048 స్టెప్పులనుకుంటే నిజానికి 2,038కి కొంచెం తక్కువ. పిల్లలు దానితో గడియారం చేసి, ముల్లు రోజురోజుకు ఎందుకు జరుగుతోందని తల పట్టుకుంటారు. చుట్టుకు దాదాపు 1.8 డిగ్రీల తేడా వస్తే ముల్లు జరగక ఏం చేస్తుంది? దాన్ని కూడా ఈ బల్లకు పెట్టి చూశాను, ఇత్తడి రేకును తిప్పే సత్తువ దానికి లేదు, గేర్లలో వదులు కూడా ఎక్కువ. బొమ్మలకు, ప్రాజెక్టు పనులకు అది చాలు.

నిష్పత్తి పూర్ణసంఖ్య కాకపోవడం దోషమేమీ కాదు. దాన్ని దాచడమే దోషం. తెలిస్తే లెక్క కుదుర్చుకోవచ్చు, అయితే అందులోనూ ఒక మెలిక ఉంది. డ్రైవరును ఒక స్టెప్పును 8 చిన్న ముక్కలు (మైక్రోస్టెప్పులు) చేసేలా పెడితే 108 భాగాల్లో ఒక్కోదానికి 397.8 వస్తుంది. దాన్ని 398 అని సర్ది 108 సార్లు నడిపితే చివరికి 22 మైక్రోస్టెప్పులు పోగుపడి, అంచు దగ్గర అర మిల్లీమీటరు తేడా వస్తుంది. అందువల్ల ఎప్పుడూ కిందటి గీత నుంచి కాకుండా మొదటి గీత నుంచే లెక్కించాలి. ఎన్నో గీత అన్న సంఖ్యను ముందు 3249తో, మోటారు ఒక చుట్టుకు పట్టే 1,600 మైక్రోస్టెప్పులతో గుణించి, ఆ తరువాతే 121తో, 108తో భాగించి, చివరన ఒక్కసారే దగ్గరి పూర్ణసంఖ్యకు సర్దాలి. డ్రైవరుకు ఆజ్ఞలిచ్చే ఆర్డినో బోర్డు ప్రోగ్రాంలో ఈ లెక్కకు ‘లాంగ్’ రకం చలరాశి వాడాలి, మామూలు ‘ఇంట్’ రకంలో 32,767 దాటగానే పొర్లిపోతుంది. ఇలా చేస్తే ఏ గీతకా గీత సగం మైక్రోస్టెప్పు కంటే ఎక్కువ తప్పదు, తప్పు తరువాతి గీతకు మోసుకుపోదు.

నిష్పత్తి సర్దుకున్నాక మిగిలింది గేర్ల వదులు. వర్క్‌షాపుల్లో ‘ప్లే’ అంటాం, అమ్మేవారి కాగితాల్లో బ్యాక్‌లాష్ అని ఉంటుంది. మోటారుకు కరెంటు ఇచ్చి లోపలి షాఫ్ట్‌ను బిగబట్టించి, బయటి షాఫ్ట్‌కు 100 మిల్లీమీటర్ల పొడవున్న ఇనుప పట్టీ బిగించి, దాని కొసకు డయల్ గేజ్ (సన్నని కదలికను ముల్లుతో చూపే కొలత సాధనం) ఆనించి వేలితో ఇటూ అటూ కదిపాను. ముల్లు 1.2 మిల్లీమీటర్లు కదిలింది. అంటే 0.7 డిగ్రీలకు కొంచెం తక్కువ. ఈ ధరలో దొరికే ప్లానెటరీ గేర్‌బాక్సులకు ఒక డిగ్రీ అటూ ఇటూ ఉండటం మామూలే కనుక ఇది మంచిదే అనాలి. కానీ మా రేకు అంచు దగ్గర అది 1.8 మిల్లీమీటర్లు, 8.7 మిల్లీమీటర్లకు ఒక పాదం గీత పడాల్సిన చోట అది చిన్న సంగతి కాదు.

కొనేవారు మోసపోయేది సరిగ్గా ఇక్కడే. అమ్మకపు పేజీలో ఒక స్టెప్పుకు 0.067 డిగ్రీలు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, మైక్రోస్టెప్పులు కలిపితే ఇంకా సన్నం. ఆ లెక్క అబద్ధం కాదు. ఇలాంటి మోటారులో స్టెప్పుకు వచ్చే తప్పు సాధారణంగా 5 శాతం, అంటే 0.09 డిగ్రీలు, అది కూడా పోగుపడదు. గేర్‌బాక్స్ దాటి వచ్చేసరికి అది 0.0034 డిగ్రీలవుతుంది, రేకు అంచున వెంట్రుకలో పదో వంతు దాకా ఉంటుందేమో. మోటారు అంత నమ్మకంగా తిరుగుతుంటే, దాని ముందున్న పళ్ళ మధ్య సందు దానికి రెండు వందల రెట్ల వదులుగా ఉంటుంది. కాబట్టి డిగ్రీల ముందు ఎన్ని సున్నాలున్నాయో చూసి కొనకూడదు, బ్యాక్‌లాష్ ఎంతో రాశారా లేదా అన్నది చూడాలి.

వదులే లేని గేర్లు లోకంలో లేవని కాదు. హార్మోనిక్ డ్రైవ్ అనే రకంలో సన్నని ఉక్కు గిన్నె సాగుతూ పళ్ళు పట్టుకుంటుంది, దాదాపు ప్లే ఉండదు. 1971లో అపోలో 15తో చంద్రుడి మీదికి వెళ్ళిన బండి చక్రాలను తిప్పినవి అవే. వాటి ధర మా ఊరి పనులకు అందదు.

మా పరిష్కారం రెండు ముక్కల్లో ఉంది. మొదటిది, బల్ల ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి గీత దగ్గరికి రావాలి. ఎప్పుడైనా వెనక్కి పోవాల్సి వస్తే 2 డిగ్రీలు ఎక్కువగా వెనక్కి పోయి, తిరిగి ముందుకు వచ్చి ఆగాలి, అప్పుడు గేరు పళ్ళు ఎప్పుడూ ఒకే వైపు ఆనుకొని ఉంటాయి. రెండవది, ఆగిన తరువాత బల్ల తనంతట తాను ఆ సందులో ఊగకూడదు. దీనికి వరంగల్ కొత్తవాడలో నేసిన పాత జంపఖానా ముక్క ఒకటి నాలుగు వేళ్ళ వెడల్పు కత్తిరించి, మడత పెట్టి, బల్ల కింద స్ప్రింగుతో ఒత్తి ఉంచాను. మందపాటి నూలు కాబట్టి బల్లను సమానంగా రాసుకుంటూ, ఎక్కడా పట్టేయకుండా చిన్న బ్రేకులా పనిచేస్తోంది. ముందు వేసిన రబ్బరు ముక్క పట్టి పట్టి వదిలేది. ఈ రెండూ చేశాక బల్లను పదిసార్లు చుట్టూ తిప్పి మొదటి గీతకు తెచ్చి చూస్తే, 100 మిల్లీమీటర్ల పట్టీ కొసన డయల్ గేజ్‌లో తేడా 0.05 మిల్లీమీటర్లకు మించలేదు. సూది గీసే గీత మందమే అంతకు మూడు నాలుగు రెట్లు ఉంటుంది. 27 గడుల్లో అతి పెద్దదానికి, అతి చిన్నదానికి మధ్య డివైడరుతో తెలిసిన తేడా పావు మిల్లీమీటరు దాకా ఉంది, అది పళ్ళ కోతలోని హెచ్చుతగ్గు అయి ఉండాలి, ఆ ధరకు దాన్ని ఒప్పుకోవచ్చు.

అయితే ఒక హద్దు ఉంది. ఇది గీతలు గీయడానికే. బల్ల మీద ఉండగానే ఉలితో చెక్కుదామని ఆయన ఒకసారి ప్రయత్నించారు, ఉలి దెబ్బ పక్కవాటుగా తగిలిన ప్రతిసారీ రేకు ఆ సందులో కదిలింది. ఇప్పుడు గీతలయ్యాక రేకు విప్పి, ఎప్పటిలా లక్క మీద పరిచి చెక్కుతున్నారు.

బలం విషయంలో ఫిర్యాదు లేదు, నిజానికి కొంచెం ఎక్కువే ఉంది. మోటారు నిలుపుదల టార్క్, అంటే ఆగి ఉన్నప్పుడు పట్టి ఉంచే తిప్పుడు బలం, 0.36 న్యూటన్-మీటర్లు. నిష్పత్తితో హెచ్చించి, రెండు అంచెల సామర్థ్యం 81 శాతం తీసుకుంటే కాగితం మీద 7.8 వస్తుంది, కానీ గేర్‌బాక్స్ నిలకడగా భరించగలిగేది 3 మాత్రమేనని దాని పత్రంలోనే ఉంది. అంటే బల్ల ఎక్కడైనా ఇరుక్కుంటే స్టెప్పులు తప్పడానికి ముందే పళ్ళు విరిగే ప్రమాదం ఉంది. అందుకే కరెంటును మోటారు పూర్తి హద్దయిన 1.68 ఆంపియర్ల దాకా పోనివ్వకుండా 1 ఆంపియరు దగ్గరే పెట్టాను. బరువైన రేకు తిప్పడానికి అది బాగా సరిపోతోంది, ఎందుకంటే రేకు జడత్వం మోటారుకు నిష్పత్తి వర్గంతో భాగించి, అంటే 721వ వంతుగానే తెలుస్తుంది. కరెంటు తగ్గించడం వల్ల ఇంకో లాభం వేడి తగ్గడం. ఈ మోటార్లు చేయి పెట్టలేనంత వేడెక్కినా తట్టుకుంటాయి నిజమే, కానీ ఏప్రిల్‌లో మా రేకుల షెడ్డులో గాలే 40 డిగ్రీలు దాటి ఉంటుంది కదా. వేగం గురించి చెప్పడానికి పెద్దగా లేదు, చుట్టుకు ఐదారు సెకన్లు, గీతలకు అది చాలు. డ్రైవరు సన్నగా ఈల వేస్తుంది, అలవాటైపోయింది.

కరెంటు పోతే మాత్రం చిక్కే. ఇది ఎక్కడుందో తనకు తెలిసే మోటారు కాదు, వేసిన స్టెప్పులు లెక్కపెట్టుకొనే బోర్డు ఆరిపోతే లెక్క కూడా పోతుంది. వార్మ్ గేరులాగా ఇది తాళం వేసుకొని కూడా ఉండదు, చేయి తగిలితే బల్ల తిరుగుతుంది. మొదటి గీత చోటును గుర్తుపట్టడానికి అయస్కాంతం, దాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ పెట్టాను గాని, సగం గీసిన రేకును మళ్ళీ అందుకోవడానికి అది చాలదు. అప్పుడు సూదిని మొదటి గీత గాడిలో వేలిగోరుతో తడిమి కూర్చోబెట్టి, అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టిస్తాం. ఒక చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టుకోవడమే సరైన పని, వచ్చే బల్లకు అలాగే చేస్తాను.

అమ్మినవారి సేవ గురించి కూడా రాయాలి. వస్తువు నాలుగు రోజుల్లో వచ్చింది, ప్యాకింగు బాగుంది. లేబులు మీది నిష్పత్తి నిజమైనది కాదని, కనీసం అమ్మకపు పేజీలోనైనా 3249 బై 121 అని రాయమని కోరితే, “27 అంటే 27ఏ సార్, మీ ప్రోగ్రాం చూసుకోండి” అని జవాబు వచ్చింది. కొలతలు, ఫొటోలు పంపాక మాటలే ఆగిపోయాయి. వస్తువు బాగుండి వివరణ ఇలా ఉండటం వల్ల, ఈ సామానులో అనుభవం లేనివారు మంచి మోటారును చెడ్డదని తిట్టుకొని పక్కన పడేస్తారు.

కాబట్టి గీతలు గీసే బల్లకు, ఫొటోల కోసం వస్తువును కొద్దికొద్దిగా తిప్పే బల్లకు, పక్కబలం తగలని ఏ తిరుగుడు పనికైనా దీన్ని నేను ధైర్యంగా కొనమంటాను. రెండు దిక్కుల నుంచీ వచ్చి ఒకే చోట ఆగాల్సిన పనికి, డ్రిల్లింగు లేదా చెక్కుడు జరిగే పనికి వద్దంటాను. పెంబర్తి ఆయన రెండో బల్ల అడిగారు, దానికీ ఇదే మోటారు తెప్పించాను. ఈసారి పెట్టె విప్పగానే చేసిన మొదటి పని, లేబులు మీది 27ను మార్కరుతో కొట్టేసి పక్కన 26.85 అని రాయడం.